రాయగడ బస్తీలో పట్టా లేని ఇంటికి ఆవాస్ డబ్బు వస్తుందా? మా ఆవిడ పేరున ఆంధ్రాలో స్థలం ఉంది

రాయగడ నుంచి (ప్రశ్న):
నమస్తే అండి. మాది ఒడిశాలో రాయగడ టౌన్. నాన్నగారి కాలం నుంచి బస్తీలోనే ఉంటున్నాం. మట్టి గోడలు, పైన రేకులు. కరెంటు బిల్లు, హోల్డింగ్ ట్యాక్స్ (మున్సిపాలిటీ ఇంటి పన్ను) రసీదు ఉన్నాయి, పట్టా లేదు. మధ్యలో కొన్నాళ్ళు పార్వతీపురంలో అత్తగారి దగ్గర ఉన్నాం. అప్పుడు, 2020 డిసెంబరులో, మా ఆవిడ పేరున ఇళ్ళ స్థలం పట్టా ఇచ్చారు. అందులో ఏమీ కట్టలేదు. ఊళ్ళో అమ్మ పేరున ఇందిరమ్మ ఇల్లుంది. ఇప్పుడు ఒకాయన పది వేలిస్తే పీఎం ఆవాస్ ఇళ్ళ పథకం లిస్టులో పేరెక్కిస్తా అంటున్నాడు. ఇవ్వమంటారా?

గుణుపురం నుంచి:
ఇవ్వకండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు, లేదా మున్సిపాలిటీలో ఇవ్వొచ్చు. అసలు మీ చిక్కు లిస్టులో లేదు, భూమి కాగితంలో ఉంది.

పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరులో మొదలైంది. సొంత జాగాలో కట్టుకునేవాళ్ళకి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం కనీసం లక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటకూడదు. ఇల్లు లోపలి కొలత 45 చదరపు మీటర్ల వరకు ఉండొచ్చు, అంటే సుమారు 484 చదరపు అడుగులు. ఇదంతా "సొంత జాగా" అని రుజువు చూపిస్తేనే. మీరు కూర్చున్నది ప్రభుత్వ భూమి అయితే దానికి వేరే దారి ఉంది. ఒడిశాలో బస్తీవాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం 2017లో వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 2018లో జాగా మిషన్ పెట్టారు. డ్రోన్లతో బస్తీల మ్యాపులు తీసి, ఇంటింటి సర్వే చేసి, హక్కు పత్రాలు ఇచ్చారు. భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఇస్తారు. వారసులకు వస్తుంది, ఇంటి లోన్ కోసం బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఆ పత్రం ఉంటే ఆవాస్‌కు భూమి రుజువు దొరికినట్టే.

కాబట్టి మొదట మున్సిపాలిటీలో అడగాల్సింది "ఆవాస్ ఎప్పుడొస్తుంది" అని కాదు. మీ బస్తీ ఆ సర్వేలో ఉందా, మీ ఇంటికి నంబరు పడిందా, నాన్నగారి పేరున రాశారా మీ పేరునా, అది అడగండి. ఇంకోటి, ఆ నేల రైల్వేదా? రైల్వే జాగాకి రాష్ట్రం పట్టా ఇవ్వలేదు. రాయగడలో ఇది చాలామందికి తగిలే మెలిక. స్టేషన్ పక్కన ఎన్నేళ్ళు ఉన్నా అంతే.

పార్వతీపురం నుంచి:
మీ ఆవిడ పట్టా విషయం నేను చెప్తాను. పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. మీకు పెళ్ళయింది కాబట్టి అమ్మగారి ఇల్లు మీ లెక్కలోకి రాదు, దాని గురించి టెన్షన్ వద్దు. కానీ మీ ఇద్దరిలో ఎవరి పేరునైనా దేశంలో ఎక్కడైనా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్ళలో ఏ ప్రభుత్వ గృహ పథకం కిందా లబ్ధి పొంది ఉండకూడదు.

ఖాళీ స్థలం పక్కా ఇల్లు కాదు. అయితే అప్పుడు ఆంధ్రాలో పట్టాలిచ్చిన కాలనీల్లో చాలా ఇళ్ళు పీఎం ఆవాస్ డబ్బుతోనే మంజూరయ్యాయి. మీ ఆవిడ ఆధార్ మీద ఇల్లు కూడా మంజూరై ఉంటే, మీరు ఇటుక పెట్టకపోయినా అది రికార్డులో ఉంటుంది, రాయగడలో దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మీ పాత వార్డు సచివాలయంలో ఆధార్ నంబరు ఇచ్చి చూపించుకోండి. మంజూరు ఉందంటే, అది రద్దు చేయించుకుంటే రాయగడలో అర్హత ఉంటుందా లేదా అని రాయగడ మున్సిపాలిటీలో ముందు తేల్చుకోండి. ఉంటుందంటేనే హౌసింగ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) రద్దు కోరుతూ రాసిచ్చి, రద్దయినట్టు కాగితం చేతికి తీసుకోండి. నోటిమాట నమ్మి వెళ్ళిపోకండి. అంతకన్నా ముందు ఇద్దరూ కూర్చుని ఎక్కడ బతకాలో తేల్చుకోండి. రెండు చోట్లా రాదు.

జయపురం నుంచి:
పేర్ల గురించి ఒక మాట. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, ఇక్కడి ఒడిశా రికార్డుల్లో వెనక. ఆధార్‌లో ఒకలా, ఓటరు లిస్టులో ఒకలా ఉంటుంది, "రావు" ఒక్కోసారి ఇంటిపేరైపోతుంది. బ్యాంకు ఖాతా, ఆధార్, భూమి పత్రం మూడింటిలో పేరు ఒకేలా ఉండేట్టు ముందే దిద్దించండి. డబ్బు వచ్చేది ఆధార్ లింకైన ఖాతాలోకే.

ఇది చదివే మిగతావాళ్ళకి: గిరిజనుల దగ్గర స్టాంపు పేపరు మీద కొన్న జాగా చూపించి ఆవాస్ అడగొద్దు. కోరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. ఒడిశా 1956 నాటి రెండో రెగ్యులేషన్, దాని 2002 సవరణ ప్రకారం గిరిజన భూమి గిరిజనేతరులకు అమ్మడం చెల్లదు. ఇలా అడగబోయి ఉన్న జాగా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. సరైన చట్టమే అని నా అభిప్రాయం, కొందరికి నచ్చకపోవచ్చు.

పర్లాకిమిడి నుంచి:
మా వీధికి ఇళ్ళకంటే కాలువలే పెద్ద బాధ. దానికేమైనా ఉందా?

గుణుపురం నుంచి:
అది ఒక్కరు అడిగితే కదలదు. జాగా మిషన్‌లో రోడ్డు, కాలువ, కుళాయి, వీధి దీపాలు కూడా ఉన్నాయి. బస్తీవాసుల సంఘం తీర్మానం రాసి, సంతకాలతో కౌన్సిలర్ ద్వారా మున్సిపాలిటీకి పంపాలి. సంఘం పేరుకే ఉంటే ముందు మీటింగ్ పెట్టించండి.

రాయగడ నుంచి:
అందరికీ థాంక్స్ అండి. రెండు సందేహాలు. హోల్డింగ్ ట్యాక్స్ రసీదు హక్కు కింద పనికిరాదా? డబ్బు ముందే ఇస్తారా?

గుణుపురం నుంచి:
మీరు అక్కడ ఉంటున్నారని రసీదు చెప్తుంది, ఆ నేల మీ సొంతమని చెప్పదు. అయినా పారేయకండి, పాత రసీదులన్నీ వరసగా పెట్టుకోండి, సర్వేలో పేరు లేకపోతే చూపించడానికి అవే ఆధారం. డబ్బు ఒకేసారి రాదు. పునాది, లింటెల్, స్లాబ్ దశల్లో ఫొటో తీసి జియోట్యాగ్ చేశాక (ఫొటోకి ఆ చోటు వివరం జతచేశాక) విడతలుగా పడుతుంది. పునాదికి చేతిలో కొంత ఉంచుకోండి, వడ్డీకి తెచ్చి మొదలుపెట్టొద్దు. మంజూరు ఉత్తర్వు రాకుండా పాత ఇల్లు కూల్చనే కూల్చకండి. వర్షాకాలం ముందు అయితే అసలే వద్దు.