అప్‌డేట్: నాన్నను ట్రామ్ గ్రూప్ టూర్‌కి పంపాలా అని అడిగాను కదా

రైల్వేలో లోకో పైలట్‌గా రిటైరైన మా నాన్న ట్రామ్‌ల పిచ్చివాళ్ల గుంపుతో మిలాన్, ప్రాగ్ తిరగగలరా, లేక మేమిద్దరమే వెళ్లాలా అని అప్పుడు అడిగాను. చాలామంది గుంపుతోనే వెళ్లమన్నారు. వెళ్లొచ్చాం. మీ మాట వినడం మంచిదైంది.

మిలాన్‌లో 1928 నాటి ట్రామ్‌లు ఇంకా మామూలు రూట్లలోనే తిరుగుతున్నాయి, ఆఫీసులకెళ్లేవాళ్లు ఎక్కి దిగుతున్నారు. లోపల గోడల వెంబడి పొడవాటి చెక్క బెంచీలు, చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తున్నాయి. నాన్న కూర్చోలేదు. డ్రైవర్ వెనకే నిలబడి, వేగం పెంచే హ్యాండిల్‌ని ఒక్కో నాచ్ (మెట్టు) తిప్పుతుంటే పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. అక్కడ రెండు పట్టాల మధ్య వెడల్పు 1445 మిల్లీమీటర్లు, అంటే చాలా దేశాల్లో వాడే స్టాండర్డ్ గేజ్ కంటే 10 ఎక్కువ. గుంపులో ఒక పెద్దాయన ఆ మాట చెప్పగానే ఆయనా నాన్నా కబుర్లలో పడి గంటసేపు కదల్లేదు. నేనొక్కదాన్నే తీసుకెళ్తే ఆ గంట ఆయనకు దొరికేది కాదు.

ప్రాగ్‌లో 23వ నంబర్ రూట్‌లో టాట్రా టీ3 అనే పాత మోడల్ ట్రామ్ ఎక్కాం. దాన్ని కాలి పెడళ్లతో నడుపుతారు. "కారులాగా కాళ్లతోనా!" అని నాన్న దిగేదాకా ఆ పెడళ్లనే చూశారు.

ఒక్క ఇబ్బంది: ఫొటోల కోసం స్టాపుల దగ్గర బాగా నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మడత కుర్చీ తీసుకెళ్లండి. నాన్న ఇప్పుడు లిస్బన్‌లోని 28వ నంబర్ ట్రామ్ గురించి అడుగుతున్నారు.