అప్‌డేట్: మా నాటక బృందం రిజిస్ట్రేషన్ సంగతి

జీతాలు లేకుండా స్వచ్ఛందంగా నడిచే మా పర్లాకిమిడి (ఒడిశా) తెలుగు నాటక బృందాన్ని రిజిస్టరు చేయించాలా వద్దా అని ఏడాది క్రితం మిమ్మల్ని అడిగాను. చేయించాము. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. వేషం కట్టడానికి ఇరవై మంది వచ్చే మా బృందంలో సంతకం అనేసరికి ఆరుగురే మిగలగా, ఏడవ సంతకం మా హార్మోనిస్టు అత్తగారు పెట్టారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపాఠాలు చెప్పిన ఈ ఊళ్ళోనే, ఆగస్టు 29న, ఆయన జయంతికి ప్రదర్శన ఇచ్చాము. (వాడుక భాష కోసం పోరాడిన ఆయన మా నియమావళిలోని తెలుగు చదివితే కోప్పడేవారు.) వానకు రేకుల కప్పు మోగి పద్యం వినిపించకపోతే, ప్రేక్షకులే కుర్చీలు వేదిక దగ్గరకు జరుపుకున్నారు.

మైకు అద్దె ఇంకా బాకీ ఉంది. తెలుగు చదవడం రాని పిల్లలకు సంభాషణలను ఒడియా లిపిలో రాసిస్తున్నాము. పెద్దలు గొణిగినా, సంక్రాంతి నాటకం ఆ కాగితాలతోనే నడిచింది.