ఎంపీసీ తర్వాత బీఏ ఫిలాసఫీ: మేజర్‌గానా, మైనర్‌గానా?

ఖమ్మం_పిల్ల:

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎంసెట్ ర్యాంకుకి ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా రాశాను, సరదాకి రాస్తోందిలే అనుకున్నారు ఇంట్లో. ఇప్పుడు స్కోరు చూస్తే ఢిల్లీలో బీఏ ఆనర్స్ ఫిలాసఫీ సీటు వచ్చేలా ఉంది, అప్పటినుంచి మా ఇంట్లో అన్నాలు సరిగ్గా తినడం లేదు ఎవరూ. నాన్నేమో "తత్వాలు పాడుకుంటూ ఊళ్లు తిరుగుతావా" అంటున్నారు, అత్తయ్య "ఈ వయసులో వైరాగ్యం ఏంటే" అని అమ్మని పక్కకి పిలిచి అడిగిందట.

నాకు వైరాగ్యం ఏమీ లేదు. పదో తరగతిలో రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించేటప్పుడు, కాదనే అనుకుందాం అని మొదలుపెట్టి చివరికి ఆ అనుకున్నదే కుదరదని తేలుస్తారు కదా, ఆ రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పని లెక్కల్లోనే కాకుండా అన్నిటి మీదా చేసే చదువు ఇదే అని ఎవరో చెప్పారు. అది నిజమేనా? మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా తీసుకోవాలా, లేక ఎకనామిక్స్ మేజర్ పెట్టుకుని ఇది పక్కన చిన్న సబ్జెక్టుగా, మైనర్‌గా చదవాలా? ఉద్యోగం సంగతేంటి? ఇంకోటి, పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం.

ముఖర్జీనగర్_పాతకాపు:

చెల్లీ, నేను ఢిల్లీ యూనివర్సిటీలోనే ఇదే చదివాను, మాది నల్గొండ. మా అప్పుడు కటాఫ్‌లు ఉండేవి, 2022 నుంచి సీయూఈటీ వచ్చింది. ముందు ఒక భ్రమ తీసేస్తాను. నేనెవరు, ఎక్కడికి పోతున్నాను అని అర్ధరాత్రి డాబా మీద కూర్చుని మాట్లాడుకునే చదువు అనుకుని చేరేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, లాజిక్ పేపర్‌లో ట్రూత్ టేబుల్స్ (ఏ మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు అబద్ధం అని వేసే పట్టికలు) మొదలవగానే వాళ్ల మొహాలు వాడిపోతాయి. నీది ఎంపీసీ కాబట్టి అది నీకు నల్లేరు మీద నడక.

కష్టమంతా చదవడంలో ఉంది. ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ మైనం ముక్క గురించి రాసింది చాలా చిన్న భాగం. తేనెపట్టు నుంచి అప్పుడే తీసిన మైనం, ఇంకా తేనె రుచి పోలేదు, పూల వాసన ఉంది, గట్టిగా ఉంది, వేలితో కొడితే చప్పుడు వస్తుంది. దాన్ని నిప్పు దగ్గరికి తెస్తే రుచి, వాసన, ఆకారం అన్నీ పోతాయి, కొట్టినా చప్పుడు రాదు. అయినా ఇది అదే మైనం అంటున్నావు కదా, అది నీకెలా తెలిసింది, కళ్లతోనా? మా మేడమ్ ఈ ఒక్కచోట మూడు క్లాసులు ఆగిపోయారు. నేను మొదటి అసైన్‌మెంట్‌లో మన ఇంటర్ అలవాటు ప్రకారం "డెకార్ట్ గొప్ప తత్వవేత్త" అని మొదలుపెట్టి నాలుగు పేజీలు దంచాను. మేడమ్ మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "ఎందుకు?" అని రాశారు, పదకొండు చోట్ల. లెక్కపెట్టాను. మార్కులు మాత్రం చెప్పను.

ఇంగ్లిష్ గురించి భయపడకు అని అబద్ధం చెప్పలేను, మొదటి సెమిస్టర్ అంతా హాస్టల్ బాత్రూంలో ఏడ్చాను. కానీ ఇక్కడ ఒక రోజుకి అయిదారు పేజీలే చదివిస్తారు, అవే పదిసార్లు చదవాలి, కాబట్టి నెమ్మదిగా చదివేవాళ్లకి నష్టం లేదు. తర్వాత నేను మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసి ఇప్పుడు ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాను. ఎదుటివాళ్ల కౌంటర్‌లో ఏ వాక్యం దేని మీద నిలబడిందో పట్టుకోవడం నాకు సులువు, అది లా కాలేజీలో రాలేదు. జీతం అడక్కు.

సీఎస్ఈ_2018:

ఎందుకమ్మా ఇవన్నీ. సీఎస్ఈలో చేరు, ఫిలాసఫీ యూట్యూబ్‌లో ఫ్రీగా ఉంది.

ముఖర్జీనగర్_పాతకాపు:

యూట్యూబ్ మార్జిన్‌లో "ఎందుకు?" అని రాయదు అన్నా.

గుంటూరు_మాస్టారు:

నేను ఆంధ్రాలో డిగ్రీ కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతాను, కాబట్టి అమ్మాయికి ఉన్నదున్నట్టు చెబుతాను. ఉద్యోగం అంటే పాఠాలు చెప్పడమే అనుకుంటే దారి చాలా ఇరుకు. మన దగ్గర డిగ్రీలో ఫిలాసఫీ ఉన్న కాలేజీలే తక్కువ, 2023-24 నుంచి ఒకటే మేజర్ పద్ధతి వచ్చాక పిల్లలు కంప్యూటర్స్, కామర్స్ వైపే చూస్తున్నారు. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) కొడితే నెలకు 37,000 రూపాయలు వస్తుంది, ఆ తర్వాత పోస్టు కోసం ఎదురుచూపు. ఇంకో మాట, ఎంఏలో చేరడానికి బీఏలో ఇదే చదివి ఉండాలని లేదు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గానీ ఇగ్నోలో గానీ ఏ డిగ్రీ చేసినవాళ్లైనా రావచ్చు. అందుకని ఎకనామిక్స్ మేజర్, ఇది మైనర్ అన్న ఆలోచన నాకు నచ్చింది, తలుపు మూసుకుపోదు.

అత్తయ్యగారి మాటకి మాత్రం జవాబు చెప్పాలి. "నిప్పు లేనిదే పొగ రాదు" అంటాం కదా, ఊళ్లో పుకార్లకి వాడుకుంటాం గానీ అది న్యాయశాస్త్రంలో (లా కాదు, మన పాత తర్కశాస్త్రం) అనుమానానికి, అంటే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తేల్చడానికి, ఇచ్చే మొదటి ఉదాహరణ: కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది, వంటింట్లోలాగా. మా క్లాసులో దీన్ని తిరగేసి అడుగుతాను, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా అని. అందరూ ఉంటుందనే అంటారు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండు చూశారా, నిప్పే, పొగేది? కట్టె తడిగా ఉంటేనే పొగ. అంటే ఒక వైపు నిలబడే మాట రెండో వైపు నిలబడదు. తర్వాత ఇంకో ప్రశ్న, నువ్వు చూసింది అసలు పొగేనా, మంచా? ఈ ఒక్కటి వచ్చాక పిల్లలు వాట్సాప్ ఫార్వర్డులు చదివే తీరే మారిపోతుంది. ఇందులో వైరాగ్యం ఎక్కడుంది? ఈ పాఠాలు పిల్లలకి అర్థమయ్యేలా తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడనే చెబుతారు.

అన్నట్టు రాధాకృష్ణన్ గారు కూడా ఏరికోరి ఈ సబ్జెక్టు తీసుకోలేదు, బంధువు ఒకాయన పాత పుస్తకాలు ఊరికే ఇచ్చాడని తీసుకున్నారు. 1931లో ఆంధ్ర యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇది మీ నాన్నగారికి చెప్పండి, పని చేయొచ్చు.

మూడో_అటెంప్ట్:

సివిల్స్ ఆలోచన ఉంటే ఫిలాసఫీ ఆప్షనల్ (మెయిన్స్‌లో మనం ఎంచుకునే సబ్జెక్టు) 500 మార్కులు, ఎథిక్స్ పేపర్ విడిగా 250. కానీ ఆప్షనల్ కోసమే మూడు నాలుగేళ్ల డిగ్రీ ఇదే చేయక్కర్లేదు. నా పక్క బెంచీ వాళ్లంతా ఇంజినీర్లే, ఇదే ఆప్షనల్.

అట్లాంటా_శీను:

మా అబ్బాయి ఇక్కడ అమెరికాలో కంప్యూటర్ సైన్స్ మేజర్, ఫిలాసఫీ మైనర్. అయిదారు కోర్సులంతే. అందులో లాజిక్ కోర్సు వాడికి అటూ ఇటూ పనికొచ్చింది. ఎవరైనా ఇండియా నుంచి వచ్చి ఇక్కడ చదవాలనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఫిలాసఫీ మేజర్ ఒక్కటే చేస్తే ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే అనుమతి, 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీకైతే ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఆ ఒక్క లెక్కతోనే చాలామంది మైనర్ దగ్గర ఆగిపోతారు, ఇష్టం లేక కాదు.

ఖమ్మం_పిల్ల:

అక్కా, మాస్టారూ, అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి నాన్న మళ్లీ "మన ఊళ్లో బీఏ చదివినోళ్లు ఎవరు బాగుపడ్డారు" అన్నారు. ఇదివరకైతే ఏడ్చేదాన్ని. ఎవరెవరు అని అడిగాను. ఇద్దరి పేర్లు చెప్పారు. ఆ ఇద్దరూ కాలేజీకే వెళ్లలేదు కదా నాన్నా, పరీక్షలకి మాత్రం వెళ్లొచ్చారు, అది బీఏ పొగా, మంచా అన్నాను. అమ్మ నవ్వేసింది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు, చెయ్యి కడుక్కుని వచ్చి "ఎకనామిక్స్ కూడా ఉంటుందా దాంట్లో" అని అడిగారు. ఎకనామిక్స్ కూడా ప్రిఫరెన్స్ లిస్టులో పెడుతున్నాను, ఏది పైన పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. అక్కా, హాస్టల్ దొరక్కపోతే బయట పేయింగ్ గెస్ట్‌గా ఉంటే నెలకి ఎంతవుతుంది? ఈసారి ఆ ప్రశ్న నాన్నది.