సముద్రం అడుగు మట్టికి వయసు ఎలా కడతారు?

గంజాం మాస్టారు:
మాది బరంపురం. ఇక్కడి తెలుగు పిల్లలకి సైన్స్ చెబుతాను. 2014-15లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ మహానది ఎదురుగా సముద్రం అడుగు నుంచి పొడవాటి మట్టి కోర్లు (గొట్టం దించి తీసిన నిలువు మట్టి కడ్డీలు) తీసిందని చెబితే, ఒక పిల్ల లేచి "అది ఎన్నేళ్ళ మట్టో ఎవరు చూశారు సార్?" అంది. కార్బన్ డేటింగ్ అందామంటే అది 50 వేల ఏళ్ళు దాటితే పనిచేయదాయె. సూక్ష్మ శిలాజాలతో చెబుతారట కదా, ఎలాగండి?

రాయగడ రాజు:
శిలాజాన్ని మెషిన్‌లో పెడితే వయసు వచ్చేస్తుంది మాస్టారూ. సింపుల్.

పర్లాకిమిడి అమ్మాయి:
రాజు గారూ, అలాంటి మెషినే ఉంటే నా మెడ నొప్పి సగం తగ్గేది. రోజంతా మైక్రోస్కోప్ ముందే నా ఉద్యోగం.

మాస్టారూ, ఇక్కడ వయసు చెప్పేది ఏ జీవి ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు అంతరించింది అన్న వరస. టూత్‌పిక్ కొనతో రవ్వంత మట్టి తీసి, గాజు పలక మీద నీటిచుక్కతో పల్చగా పూసి, ఆరబెట్టి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తాం. కనిపించేవి కోకోలిత్‌లు, అంటే నాచు జాతి జీవుల సున్నపు పలకలు. నక్షత్రంలా ఉండే డిస్కోయాస్టర్ బ్రౌవేరి సుమారు 19 లక్షల ఏళ్ళ కిందట అంతరించింది. అంచు చుట్టూ సన్నని చీలికలుండే సూడోఎమిలియానియా లాకునోసా సుమారు 4.4 లక్షల ఏళ్ళ కిందట పోయింది. ఇప్పటికీ బతికున్న ఎమిలియానియా హక్స్‌లీ సుమారు 2.9 లక్షల ఏళ్ళ కిందట వచ్చింది. ఈ చివరి రెండూ లేని మట్టి ఆ రెండు తేదీల మధ్యది. హక్స్‌లీ మరీ చిన్నది, మామూలు మైక్రోస్కోప్‌లో దాన్ని పట్టుకోవాలంటే కళ్ళు కాయలు కాస్తాయి.

ఆ తేదీలు ఊరికే రాలేదు. భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైన గుర్తులు మట్టిలోనూ ఉంటాయి, లావాలోనూ ఉంటాయి. లావా వయసు రేడియోధార్మికతతో తెలుస్తుంది, దాన్నిబట్టి మట్టిలోని అదే గుర్తుకి తేదీ వేస్తాం. ఆఖరి తారుమారు సుమారు 7.8 లక్షల ఏళ్ళ నాటిది.

గంజాం మాస్టారు:
బాగుందమ్మా. కానీ పాత మట్టి కొట్టుకొచ్చి కొత్త మట్టిలో కలిస్తే?

పర్లాకిమిడి అమ్మాయి:
మాకు టెన్షన్ పెట్టేది అదే. నిన్న కొన్న పుస్తకంలో తాతగారి పెళ్లి శుభలేఖ దొరికితే పుస్తకం ఆనాటిదైపోదు కదా! అందుకే ఒకటీ అరా కనిపిస్తే నమ్మం. పై పొరలకి వచ్చేకొద్దీ ఆ శిలాజాల సంఖ్య ఒక్కసారిగా ఎక్కడ పడిపోయిందో చూస్తాం. ఇంకో చిక్కు, తేదీ అన్ని సముద్రాలకీ ఒకటి కాదు. గ్లోబిజెరినోయిడిస్ రూబర్ అనే ఫొరామినిఫెరాలో (గుల్ల కట్టుకునే ఏకకణ జీవి) గులాబీ రంగు రకం మన హిందూ మహాసముద్రంలో సుమారు 1.2 లక్షల ఏళ్ళ కిందటే మాయమైంది, అట్లాంటిక్‌లో నేటికీ ఉంది. మనకి పనికొచ్చే గుర్తు అక్కడ పనికిరాదు. ఇవి చాలక ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొర తగిలిందంటే మాకు పండగే. అది సుమారు 74 వేల ఏళ్ళది, బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో నేల మీదా ఉంది.

రాయగడ రాజు:
అయితే గోపాలపూర్ ఇసుక తెచ్చి చూస్తే సరి!

పర్లాకిమిడి అమ్మాయి:
అందులో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాల రేణువులే ఎక్కువండి. చిలికాలో సముద్రపు ముఖద్వారం వైపు బురద తెచ్చి, మెత్తటి జల్లెడలో కడిగి ఆరబెట్టండి. తడిపిన సన్నటి బ్రష్‌తో అంటిస్తే ఫొరామినిఫెరా గుల్లలు వస్తాయి. వాటితో వయసు కట్టలేరు గానీ, పిల్లలకి చూపించడానికి బాగుంటాయి.