సమస్యాపూరణం: “కాలకున్న కుండ కరగిపోవు”

నిర్వహణ: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. నేపథ్యం సిరామిక్స్ స్టూడియో. సారె (కుమ్మరి చక్రం) మీద మట్టిని నడిమధ్యకు కుదిర్చే పాఠం దాటి పిడులు, మూతలు, గ్లేజుల (గాజుపూతల) దాకా వచ్చినవారి అనుభవం కావాలి.

పచ్చిమన్ను:
ఎండి గట్టి పడియె నిక నేమి భయమని
నీటి తొట్టిలోన నిలిపినాను
పూట గడవకుండ బురదయై కూలెను
కాలకున్న కుండ కరగిపోవు

నిర్వహణ: యతులు కుదిరాయి. ‘ఎండి’ అన్న మాటే ఈ పద్యానికి ప్రాణం. పదను (తడి) ఉన్న ముద్ద నీళ్లలో వేసినా చాలాసేపు అలాగే ఉంటుంది. ఒరుగులా ఎండిన ముక్క మాత్రం బుడగలు వదులుతూ నిమిషాల్లో పొరలు పొరలుగా జారిపోతుంది. అందుకే ‘పూట’ మరీ ఎక్కువ అనిపించింది. 600 డిగ్రీలు దాటి కాలిన మట్టి ఇక బురద కాదు.

గాజుపూత:
పూత నిప్పు సోకి పొంగుచు కరగును
గాజుగాను మారి గట్టిపడును
కరగి నిలుచు పూత, కడిగిన నీటిలో
కాలకున్న కుండ కరగిపోవు

సారెచక్రం: మూడో పాదం విరుపు ఎంతో నచ్చింది. పూత కరిగి నిలుస్తుంది, కుండ కరిగి పోతుంది! ‘గాజుగాను’లో ‘ను’ మాత్రం పూరకమే. ‘గాజువోలె’ అనరాదా?

గాజుపూత: ‘ను’ తప్పు ఒప్పుకుంటాను. ‘వోలె’ మాత్రం వద్దండీ. పూత గాజులాంటిది కాదు, గాజే. సిలికా (ఇసుకలోని ముఖ్య పదార్థం) ఒక్కటే అయితే 1700 డిగ్రీల దాకా కరగదు. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, సున్నపురాయి తోడైతే 1250 దగ్గరే కరుగుతుంది. ‘గాజు తానె యౌచు’ అని మారుస్తున్నాను.

నిర్వహణ: బాగుంది, అలాగే ఉంచండి.

తడిచేయి: నాకు మొదటి పాదమే వచ్చింది: “కప్పు నెండబెట్టి తడి పిడి నతికితి”. నిన్న జరిగిందే ఇది. ఆరేసరికి పిడి మొదట్లో వెంట్రుకవాసి పగులు.

సారెచక్రం: ‘క’కు ‘త’తో యతి కుదరదండీ. మీ కప్పూ అక్కడే విడింది. ఆరిన కప్పు ఇక కుంచించుకోదు, తడి పిడి కుంచించుకుంటుంది, అతుకు తెగుతుంది. రెండూ ఒకే పదనులో ఉండగా, అతికే చోట గీతలు గీరి, చిక్కటి మట్టినీళ్లు రాసి నొక్కండి. పద్యంలోనూ కప్పును తడిగానే ఉంచి చూడండి.

తడిచేయి:
కప్పు తడిగ నుండగానె పిడి నతికి
ఆరనిచ్చి మెల్ల నావమందు
కాల్చినపుడె నిలుచు గట్టిగా రెండును
కాలకున్న కుండ కరగిపోవు

కొత్త కప్పు మీద ప్లాస్టిక్ సంచి కప్పి వచ్చాను. రేపు పొద్దున్నే పిడి.