ఎదిగిన పిల్లలతో కుటుంబ ప్రార్థన ఎలా సాగించాలి?

వేళచేరి నుంచి ఒక తల్లి:

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మాది నెల్లూరు. మావారి ఉద్యోగరీత్యా చాలా కాలంగా చెన్నైలోనే ఉంటున్నాము. అబ్బాయి పదకొండో తరగతి, అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నారు. అత్తయ్యగారు కూడా మాతోనే ఉంటారు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ప్రార్థన వేళకు వాళ్లే చాప పరిచి, పాటల పుస్తకం తెచ్చి, ముందు ఎవరు పాట ఎత్తుకోవాలని పోటీపడేవారు. ఇప్పుడు అబ్బాయి కోచింగ్ నుంచి ఇంటికి వచ్చేసరికే రాత్రి తొమ్మిది దాటుతుంది. కూర్చోవడానికి కూర్చుంటాడు గానీ, ఎప్పుడు ఆమెన్ అంటారా అన్నట్టు గోడకు ఆనుకుని ఉంటాడు.

మా ఇంట్లో అత్తయ్యగారు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట పాడతారు. తర్వాత ఒక అధ్యాయాన్ని తలా ఒక వచనం చొప్పున చదువుతాము, మావారు దానిని వివరించి ప్రార్థన చేస్తారు, చివర అందరం కలిసి పరలోక ప్రార్థన చెప్పుకుంటాము. అంతా కలిపి ముప్పావు గంట పడుతుంది. స్కూల్లో రెండో భాష తమిళం కావడం వల్ల పిల్లలిద్దరూ తెలుగును కూడబలుక్కుని చదువుతారు. అమ్మాయి అయితే తన వంతుకు ఏ వచనం వస్తుందో వేలితో లెక్కపెట్టుకుని, దానిని లోలోపలే నాలుగైదుసార్లు చదువుకుంటూ, మిగతావాళ్లు చదివేదేదీ వినదు. మావారు ప్రార్థనలో ఇద్దరి పేర్లూ ఎత్తి, వాళ్ల చదువు, ఫోను, స్నేహాలు, పెద్దల పట్ల విధేయత, అన్నీ దేవుని ముందు పెడతారు. కిందటి వారం అబ్బాయి, ‘ఇకమీదట నా ప్రార్థన నేనే చేసుకుంటాను’ అన్నాడు. మావారు చాలా నొచ్చుకున్నారు. బలవంతంగానైనా కూర్చోబెట్టాలా, కొంతకాలం వదిలేయాలా? ఇటువంటి దశ దాటినవారు దయచేసి చెప్పండి.

పెరంబూరు నుంచి, సండే స్కూల్ ఉపాధ్యాయుడు:

అమ్మా, వందనాలు. మీరు రాసినదంతా చదివాక నా మనసు మీవారి ప్రార్థన దగ్గర ఆగిపోయింది. ఆయన భారం నిజమైనది, ఆ ప్రార్థన తప్పకుండా చేయవలసినది. అయితే కొడుకు అదే గదిలో కళ్లు మూసుకుని కూర్చుని ఉండగా, ‘ప్రభువా, వీడికి చదువు మీద శ్రద్ధ దయచేయండి, చెడు స్నేహాల నుంచి తప్పించండి’ అని తండ్రి అంటే, ఆ కుర్రవాడి చెవికి అది మందలింపుగానే వినబడుతుంది. అదే మాట భోజనాల దగ్గర అంటే వాడు తన సంగతి తాను చెప్పుకోగలడు. ప్రార్థన మధ్యలో బదులు చెప్పడానికి వీలు లేదు, పైగా చివర ఆమెన్ కూడా వాడే అనాలి. మా సంఘంలో చాలాకాలంగా యవ్వనస్థుల మధ్య పని చేస్తున్నాను. ఇంటి ప్రార్థన అనగానే మొహం చాటేసే పిల్లలను నెమ్మదిగా కారణం అడిగితే, వాక్యం విసుగని చెప్పేవారి కంటే ‘నాన్న ప్రార్థనలో నన్ను తిడతారు’ అని చెప్పేవారే ఎక్కువ. ‘పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి’ అని పౌలు కొలొస్సయులకు రాసినది తండ్రులను ఉద్దేశించే (3:21).

కాబట్టి పిల్లల గురించిన ఆ భారాన్ని మీ భార్యాభర్తలిద్దరూ గదిలో తలుపు వేసుకుని దేవునికి చెప్పుకోండి. అందరూ కూర్చున్నప్పుడు మాత్రం ముందుగా, ‘ఈ వేళ నీ కోసం ఏమని ప్రార్థించమంటావు?’ అని అబ్బాయిని అడిగి, వాడు చెప్పినదానినే ప్రార్థించమని మీవారితో చెప్పండి. మొదట్లో ‘ఏమీ లేదు’ అంటాడు. అప్పుడు వాడిని బట్టి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి ఊరుకోవాలి, దానికి తోకగా ఒక సలహా తగిలించకూడదు. ఇంకొక పని ఇంతకంటే ముఖ్యమని నా నమ్మకం. మీవారు తన ఆఫీసు ఒత్తిడినో, అప్పునో, ఆరోగ్యాన్నో పిల్లల ముందు చెప్పి, ‘నాన్న కోసం నువ్వు ప్రార్థన చెయ్యి’ అని అబ్బాయిని అడగాలి. తండ్రికి కూడా దేవుని అవసరం ఉన్నదని కొడుకు కళ్లారా చూడాలి.

అంబత్తూరు నుంచి ఒక తండ్రి:

పెరంబూరు అన్నగారి మాట నేను కాదనను. కానీ అబ్బాయి అన్నాడు కదా అని వదిలేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. స్కూలుకు వెళ్లడం ఇష్టమేనా అని మనం ఏ రోజూ అడగలేదు. ఇంట్లో ఉన్నంతకాలం ఇంటి ప్రార్థనలో కూర్చోవడం ఈ ఇంటి పద్ధతి అని ప్రేమగా, స్పష్టంగా చెప్పండి. దానికి బదులుగా ముప్పావు గంటను పదిహేను నిమిషాలకు దించండి. రాత్రి తొమ్మిది దాటాక అలసిపోయి వచ్చిన పిల్లవాడికి అంతకు మించి పెట్టడం భావ్యం కాదు.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 7వ వచనం ఇంట కూర్చున్నప్పుడే కాదు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు కూడా పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని చెబుతుంది. కోచింగ్ నుంచి బండి మీద వెనక్కి తీసుకువచ్చేటప్పుడు మా అబ్బాయి మాట్లాడినంతగా చాప మీద ఏనాడూ మాట్లాడలేదు. ఎదురెదురుగా మొహాలు చూసుకోనక్కర్లేకపోవడం వల్ల కాబోలు. అదే అధ్యాయం 20వ వచనంలో కొడుకు తండ్రిని, ఈ ఆజ్ఞలన్నీ ఏమిటని అడుగుతాడు. మరుసటి వచనంలో తండ్రి చెప్పవలసిన జవాబు, మనం ఐగుప్తులో ఫరోకు దాసులమై ఉండగా యెహోవా బయటికి రప్పించాడన్న సాక్ష్యంతో మొదలవుతుంది. మీవారు అధ్యాయానికి వివరణ చెప్పే బదులు, తాను ఎలా రక్షణ పొందారో, ఏ కష్టంలో దేవుడు ఆదుకున్నాడో ఎప్పుడైనా పిల్లలకు వివరంగా చెప్పారా?

బెంగళూరు నుంచి, చెన్నైలో పెరిగిన ఒక అమ్మాయి:

ఆంటీ, వందనాలు. నేను అయ్యనావరంలో పెరిగాను, ఇప్పుడు ఉద్యోగం కోసం బెంగళూరులో ఉంటున్నాను. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి ప్రార్థనలో, యేసును నమ్మని నా ప్రాణ స్నేహితురాలి సంగతి ఏమిటని నాన్నను అడిగాను. అమ్మ కంగారుపడింది. నాన్న మాత్రం, దానికి తన దగ్గర పూర్తి జవాబు లేదని చెప్పి, ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను మా పాస్టరు అయ్యగారి దగ్గరకు తీసుకువెళ్లారు. ఆ రోజు అయ్యగారు చెప్పిన మాటల్లో సగం నాకు గుర్తు లేవు, కానీ ఇంట్లో ఏ ప్రశ్నైనా అడగవచ్చన్న ధైర్యం అప్పటి నుంచే వచ్చింది. హాస్టల్లో ఉన్న కష్టమైన రోజుల్లో నాన్నకు ఫోన్ చేసి ప్రార్థన చేయమని అడగగలిగానంటే ఆ ధైర్యం వల్లనే.

మీ అమ్మాయి చదువు గురించి ఒక మాట. వంతులవారీ పఠనం మానేసి, తెలుగు భాగాన్ని నాయనమ్మగారినే చదవనిచ్చి, పిల్లలను తమకు అలవాటైన ఇంగ్లీషు బైబిల్లో చూసుకోనివ్వండి. మన పాత అనువాదం పెద్దవాళ్ల నోట వింటే ఎంతో బాగుంటుంది, కానీ తెలుగు లిపి అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు దానిని పైకి చదవడమంటే పరీక్షలాగా ఉంటుంది. వాడుక తెలుగులో కొత్త అనువాదాలు, వినడానికి ఆడియో బైబిళ్లు కూడా ఉన్నాయి. పాటను మాత్రం తీసేయకండి. మా అమ్మమ్మ ఒక్కొక్క చరణానికి అర్థం చెప్పి, పురుషోత్తమ చౌధురి గారు (1803–1890) వంటి భక్తులు ఆ కీర్తనలను ఎలా రాశారో చెప్పేది. ఆ పాటలు ఇప్పటికీ నాకు చూడకుండా వచ్చు.

వేళచేరి తల్లి:

మీ అందరికీ కృతజ్ఞతలు. ఇవి మావారికి చదివి వినిపించాను. అబ్బాయి నొచ్చుకుంటున్నాడని తనకు తోచలేదని, ఈ రాత్రి నుంచే వాడిని అడిగి ప్రార్థిస్తానని అన్నారు. పదిహేను నిమిషాలకు సరిపోయేలా, అబ్బాయి ఆలోచించేలా మొదట ఏ భాగం చదవమంటారు?

పెరంబూరు నుంచి, సండే స్కూల్ ఉపాధ్యాయుడు:

చాలా సంతోషం, అమ్మా. యేసు శిష్యుడైన తోమాతో మొదలుపెట్టండి. యోహాను సువార్తలో 11:16, 14:1–7, 20:24–29, ఈ మూడు భాగాలనూ మూడు రాత్రులు తీసుకోండి. ‘నేనే మార్గమును, సత్యమును, జీవమును’ అన్న వాక్యాన్ని మన పిల్లలు సండే స్కూల్లోనే కంఠతా పడతారు గానీ, ‘నీవు ఎక్కడికి వెళ్తున్నావో మాకు తెలియదు, మార్గం ఎలా తెలుస్తుంది?’ అని తోమా అడిగినందువల్లనే ప్రభువు ఆ మాట చెప్పారని చాలామంది గమనించరు. ఇరవయ్యో అధ్యాయంలో తోమా నమ్మనని తెగేసి చెప్పాడు. ఎనిమిది దినాల తర్వాత కూడా మిగతా శిష్యులతో అదే ఇంట్లో ఉన్నాడు. వాళ్లు అతణ్ణి వెళ్లగొట్టలేదు, అతడూ లేచి వెళ్లిపోలేదు. ఆ ఎనిమిది దినాలు వాళ్ల మధ్య ఏ మాటలు సాగి ఉంటాయో అబ్బాయిని ఊహించి చెప్పమనండి, మీరెవరూ మధ్యలో సరిదిద్దకండి.

ఆ తర్వాత పాత నిబంధనలోని హబక్కూకు ప్రవక్త గ్రంథం చదవండి. మూడే అధ్యాయాలు, మొదటి అధ్యాయంలోనే ప్రవక్త రెండుసార్లు దేవుని ప్రశ్నిస్తాడు. ఇంకా ముందుకు వెళ్లాలనుకుంటే, ఓదార్పు లేకుండా చీకటి మాటతోనే ముగిసే 88వ కీర్తనను చదివి, ఇటువంటి ప్రార్థన కూడా బైబిల్లో ఎందుకు ఉన్నదని ఇద్దరినీ అడగండి.

మీకు పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) దగ్గరే కదా. తోమా అక్కడే హతసాక్షి అయ్యాడని సంప్రదాయం, కొండ మీద పోర్చుగీసువారు కట్టిన చర్చి ఇప్పటికీ ఉన్నది. కోచింగ్ లేని ఒక ఉదయం మీవారు అబ్బాయిని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కితే బాగుంటుంది. ఆ రోజు మీరూ అమ్మాయీ ఇంట్లోనే ఉండండి, వాళ్లిద్దరినీ వెళ్లనివ్వండి.