సాఫాడ్ ఫాల్ట్ కోర్ పొడి ఎవరి దగ్గరైనా మిగిలిందా?

కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ దగ్గర శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్‌లోకి (భూమి పలకలు ఒకదాని పక్కన ఒకటి జారే పగులు) డ్రిల్ చేసి 2007లో తీసిన కోర్ మీద, అంటే సాఫాడ్ అనే డ్రిల్లింగ్ ప్రాజెక్టులో బయటికి తీసిన రాతి కడ్డీ మీద, పని మొదలుపెట్టాను. నాకు కావలసింది మెల్లగా జారుతున్న రెండు పొరల మట్టి. బోరు పొడవునా కొలిస్తే ఒకటి సుమారు 3,192 మీటర్ల దగ్గర, రెండోది 3,302 దగ్గర. సపొనైట్ అనే బంకమట్టి ఖనిజం నిండిన మెత్తటి మట్టి, మధ్యమధ్య సర్పెంటినైట్ అనే రాయి ముక్కలు.

ఘర్షణ పరీక్షకు కొన్ని గ్రాములు చాలు. కోసిన కోర్ మళ్లీ రాదు, అందుకే నాకోసం కొత్తగా కోయించడానికి మనసొప్పడం లేదు. ఇదివరకు నమూనా తీసుకున్నవాళ్ల దగ్గర పొడి మిగిలితే, నిబంధనలు ఒప్పుకుంటే, కాస్త పంచుకుంటారా? ఏ లోతుదో, ఓవెన్‌లో ఆరబెట్టారో లేదో తప్పక చెప్పండి. సపొనైట్ తేమ తగిలితే ఉబ్బుతుంది, దాంతో కొలతలే మారిపోతాయి.

లేదంటే, కొత్త నమూనా కోసం పెట్టే దరఖాస్తులో ఏమేం రాయాలో చెప్పినా ఎంతో మేలు.